ఊరంతా అతికించిన హోంవర్క్

ఆ గురువారం పొద్దున్నే నెవ్యానా టీచర్ అనుకున్నవి మూడే మూడు పనులు. ఎనిమిదింటికల్లా తరగతిలో పొయ్యి రాజెయ్యడం, తొమ్మిదింటికి పిల్లల చేతుల్లో కాగితాలు పెట్టడం, పదింటి బస్సుకి ఇన్‌స్పెక్టరు దిగేసరికి నవ్వుముఖంతో ఎదురెళ్లడం. మనం అనుకున్నవన్నీ జరిగిపోతే ఇక దేవుడికి పనేముంటుంది? మూడింట్లో పొయ్యి ఒక్కటే రాజుకుంది.

గోర్నా స్లివా అనే ఆ ఊరి బడిలో పిల్లలు తొమ్మిదిమంది. ఒకటి నుంచి నాలుగు దాకా అన్ని తరగతులూ ఒకే గదిలో, ఒకే పొయ్యి చుట్టూ. రూలు ప్రకారం పదిమంది ఉండాలి. ఆ పదో పిల్లని కనే వయసువాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు. కిందటేడు వచ్చిన ఇన్‌స్పెక్టరు దిమోవా మేడం రెండు గంటలు పిల్లల నోటుపుస్తకాలు తిరగేసి, రిపోర్టులో ఒక్క ముక్క రాసి వెళ్లింది: "పిల్లలకు చూసి రాయడం వచ్చు, సొంతంగా రాయడం రాదు. ఏడాది గడువు." ఆ ఏడాదీ అయిపోయింది. ఈసారి కూడా అదే మాట అయితే బడికి తాళం పడుతుంది. పిల్లలు చీకటితో లేచి ఇరవై కిలోమీటర్ల అవతలి పట్నానికి బస్సులో పోవాలి. ఇరవై ఆరేళ్లు ఆ గదిలోనే గొంతు అరగదీసుకున్న నెవ్యానా, యాభై మూడో ఏట ఏ కొట్లోనో టమాటాలు తూచుకుంటూ నిలబడాలి.

ఆమె ప్రయత్నం చెయ్యలేదనడానికి వీల్లేదు. మీ ఇంటి గురించి రాయండర్రా అంటే తొమ్మిదిమందీ "మా అమ్మ మంచిది. మా నాన్న మంచివాడు. మా కుక్క మంచిది" అని రాసేవాళ్లు. వసంతం గురించి రాయమంటే అదీ మంచిదే. దొంగ గురించి రాయమంటే ఒక పిల్ల దొంగని కూడా మంచివాణ్ణి చేసి కూర్చుంది. సోమవారం నాటికి నెవ్యానాకి ఒళ్లు మండింది.

"పుస్తకాలు మూసెయ్యండి! సాయంత్రం వీధిలోకి పోండి. కంటికి కనపడ్డ రాత ఏదైనా సరే, పై నుంచి కింద దాకా చదవండి. అచ్చం అలాంటిదే ఒకటి, మీకు బాగా తెలిసిన మనిషి గురించి రాసుకురండి. మంచి అన్న మాట కనబడిందో, చెవులు మెలేస్తాను."

తప్పు ఎక్కడ జరిగిందంటే, తన ఊరి వీధుల్లో కనబడే రాత ఏమిటో ఆమె ఒక్క క్షణం ఆలోచించలేదు. గోర్నా స్లివాలో సినిమా పోస్టర్లు లేవు, కొట్ల బోర్డులు మొత్తం రెండు. మిగిలినవన్నీ చావు కాగితాలే. ఎవరు పోయినా నల్ల అంచు, ఒక ఫోటో, పేరు, కింద నాలుగు ముక్కలు అచ్చేసి, కరెంటు స్తంభాల మీద, బస్ స్టాపు మీద, చర్చి తలుపు మీద, ఇంటి గేటు మీద అతికిస్తారు. పోయిన రోజుకి ఒకటి, నలభయ్యో రోజుకి ఒకటి, ఏడాదికి ఒకటి, పదేళ్లకి ఒకటి. ఆ ఊరి పిల్లలు అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చుకున్నదే వాటి మీద.

మంగళవారం పొద్దున బల్ల మీద తొమ్మిది నల్ల అంచు కాగితాలు వచ్చి పడ్డాయి. తొమ్మిదీ నిక్షేపంలా బతికున్నవాళ్లవే. ఒకటి మేయరుది. ఒకటి నెవ్యానాదే. "ఆమె చాలా గట్టిగా అరిచేది. కానీ నిజంగా కోపం వచ్చేది కాదు. అది మాకు తెలుసని ఆమెకి తెలియదు" అని రాసి ఉంది అందులో.

"అయ్యో, ఇదేం పని పిల్లల్లారా!" అని గుండెల మీద చెయ్యేసుకుంది నెవ్యానా. తరవాత చదివింది. చదువుతూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ముక్కు చీదుకుంది. ఒక్కదాంట్లో కూడా మంచి అన్న మాట లేదు. మనుషులు మాత్రం కళ్లకి కట్టినట్టు ఉన్నారు. అన్నిట్లోకీ మూడో తరగతి కలీనాది తలమానికం. కలీనా తల్లి పట్నంలో పచ్చళ్ల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, పొద్దున పోతే రాత్రికే రాక. పిల్లని చూసుకునేది ముత్తాత స్టొయ్‌మెన్. కలీనా రాసింది ఆయన గురించే. ఆయన పాత బస్సు పాసులోంచి ఫోటో కత్తిరించి మరీ అతికించింది.

ఇన్‌స్పెక్టరు ముందు పిల్లలందరూ కలిసి ఆ ఒక్కదాన్నీ చదివి, ఎక్కడ బాగుందో ఎక్కడ బాగులేదో మాట్లాడితే చాలు, బడి నిలబడుతుందనుకుంది నెవ్యానా. పిల్లలకి తొమ్మిది, మేడంకి ఒకటి. బుధవారం సాయంత్రం వరండాలో కాపీ మిషన్ మీద పది కాపీలు తీసి, అక్కడే పెట్టి, ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోయింది.

ఊరు మొత్తానికీ కాపీ మిషన్ అదొక్కటే. ఇక బడి ఊడ్చేదీ, పిల్లలకి సూపు కాచేదీ, ఊళ్లో చావు కాగితాలు అతికించేదీ కూడా కూంక పిన్ని ఒక్కతే. ఎవరు పోయినా ఇంటివాళ్లు కాగితం తెచ్చి, పది కాపీలు తీసి మిషన్ మీద పెట్టి పోతారు. కూంక పిన్ని వచ్చి, మైదా గంజి కాచి, పది చోట్లా అతికించి వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఒకరు చెప్పాల్సిన పని లేకుండా నడుస్తున్న వ్యవహారం ఇది. గురువారం పొద్దున్నే ఆమె వచ్చేసరికి మిషన్ మీద నల్ల అంచు కాగితాలు పది. ఫోటోలో స్టొయ్‌మెన్ తాత. కింద లావుపాటి అక్షరాలతో పేరు. అంతకంటే ఆమె చదవలేదు. చావు కాగితాన్ని పేరు దాటి ఎవరు చదువుతారు గనక? అందరికీ రాసేది అదేగా! మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుని, కాసేపు ఏడ్చి, గంజి గిన్నెతో బయల్దేరింది.

ఇదేమీ తెలియని నెవ్యానా ఎనిమిదిన్నరకి మిషన్ చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

"కూంక పిన్నీ! ఇక్కడ పెట్టిన కాగితాలేమయ్యాయి? పిన్నీ!"

పిన్నికి బదులు చర్చి గంట మోగడం మొదలైంది, ఎవరో పోయినప్పటిలా ఒక్కొక్క దెబ్బా ఆగి ఆగి. తొమ్మిదిన్నరకల్లా మేయరు మిల్కో టోపీ చేత్తో పట్టుకుని తరగతిలోకి వచ్చాడు. వెనకే తలకి నల్లరుమాళ్లు కట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు.

"టీచరమ్మా, పిల్లల్ని పంపించెయ్యి. స్టొయ్‌మెన్ తాత పోయాడు."

మంగళవారం పిల్ల రాసి తెచ్చింది, గురువారం మనిషి పోయాడు! తన హోంవర్కే ఆ ముసలాణ్ణి మింగేసిందని నెవ్యానాకి ఏ అనుమానమూ లేకుండా తోచింది.

"పోవడమేంటి? ఎలా పోయాడు మిల్కో?"

"గుండె. కొట్లో చెప్పుకుంటున్నారు."

"గుండె కాదు, ఊపిరితిత్తులు," అంది ఒకావిడ. "పట్నం ఆస్పత్రిలో పోయాట్ట."

"తోటలో పడిపోయాడని కదా అన్నారూ?" అంది రెండో ఆవిడ.

"తోటలో పడ్డాడు, పట్నంలో పోయాడు." మొదటావిడ తేల్చేసింది. అందరికీ అది సబబుగానే అనిపించింది.

కలీనా బెంచీ మీంచి చెయ్యెత్తింది. "తాత చచ్చిపోలేదు. ద్రాక్ష కొమ్మలు కత్తిరించడానికి తోటకి వెళ్లాడు. రొట్టే ఉల్లిపాయా పట్టుకెళ్లాడు."

"అయ్యో నా తల్లే! పసిదానికి ఎవరూ చెప్పనే లేదు!" అని ఇద్దరు ఆడవాళ్లూ ఒకేసారి దాన్ని గుండెలకి హత్తుకున్నారు.

"నిజంగా చచ్చిపోలేదు! అది నేనే రాశాను!" అంది కలీనా, ఊపిరాడక.

"ఏదేదో మాట్లాడుతోంది. దిగులు తలకెక్కింది పాపం," అని ఇంకా గట్టిగా హత్తుకున్నారు.

నెవ్యానా మేయరు చెయ్యి పట్టుకుంది. "మిల్కో, పదింటికి దిమోవా మేడం వస్తోంది! ఖాళీ బెంచీలు చూపిస్తే మన బడి గతి ఏమిటి? ఒక్క గంట ఉండనీ."

"ఊళ్లో చావు పెట్టుకుని డిక్టేషన్లు చెప్పిస్తావా? ఏమనుకుంటారు జనం? ఆవిడకీ మనసుంటుంది. చావుకి తెచ్చినట్టు సరిసంఖ్యలో పూలు కొనుక్కుని చావింటికే రమ్మను."

తొమ్మిదిమందీ ఇద్దరిద్దరుగా వరస కట్టి, మిగిలినవాడు మేయరు చెయ్యి పట్టుకుని, వెళ్లిపోయారు. తరగతిలో పొయ్యి ఒక్కటే చిటపటలాడుతూ మిగిలింది.

నెవ్యానా గుమ్మంలోకి వచ్చింది. ఎదురుగా కరెంటు స్తంభం. స్తంభం మీద తడి ఆరని కాగితం. కాగితం మీద కలీనా చేతిరాత. మొదట ఆమెకి ప్రాణం లేచివచ్చింది: తాత బతికే ఉన్నాడు! ఆ వెంటనే ఆ ప్రాణం ఉన్నపళంగా జారిపోయింది: ఇలాంటివి ఊళ్లో పది ఉన్నాయి! గోళ్లతో ఊడబీకబోయింది. కూంక పిన్ని గంజికి ఊళ్లో పేరుంది. మూల కొంచెం చిరిగింది తప్ప కాగితం కదల్లేదు.

"ఏం చేస్తున్నావే?" వెనకనించి ఒక ముసలమ్మ కర్ర ఎత్తింది. "పోయినవాడి కాగితం చింపుతావా? సిగ్గులేదూ? నువ్వా పిల్లలకి బుద్ధులు చెప్పేది!"

"బామ్మా, ఆయన బతికే ఉన్నాడు!"

"మొదటి రోజు అందరికీ అలాగే అనిపిస్తుంది తల్లీ," అంది బామ్మ, కర్ర దించి, జాలిగా.

అంతలో బస్సు హారన్ మోగింది. నెవ్యానా పరుగెత్తింది. బస్ స్టాపుకి చేరేసరికి బస్సు వెళ్లిపోయింది. దిమోవా మేడం తోలుసంచీ కింద పెట్టి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, అద్దానికి అతికించిన కాగితం చదువుతోంది. చాలాసేపు చదివింది. చదివి, మళ్లీ మొదటినుంచి చదివింది.

"మేడం, నేను మొత్తం చెబుతాను..."

"తరవాత చెబుదురుగాని. ముందు తరగతి చూద్దాం పదండి."

"తరగతి... లేదు మేడం."

"లేదంటే?"

"చావింటికి వెళ్లింది."

"ఎవరు పోయారు?"

నెవ్యానా కాగితం వైపు వేలు చూపించింది. దిమోవా మేడం కాగితం వంక చూసింది, నెవ్యానా వంక చూసింది, మళ్లీ కాగితం వంక చూసింది.

"ఊరంతా వెళ్లిందా?"

"ఊరంతా."

"మేయరు కూడానా?"

"ఆయనే ముందు నడిచాడు."

మేడం కళ్లజోడు తీసి సంచీలో పెట్టుకుంది. ముఖంలో ఏమీ కనపడలేదు. కొంప మునిగిందనుకుంది నెవ్యానా. దారంతా ఆమెకి టమాటాలే కళ్లముందు మెదిలాయి.

స్టొయ్‌మెన్ తాత గేటు ముందు బల్లలు వేశారు. పోయినవాడి పేరు మీద పంచదార కలిపిన ఉడికించిన గోధుమలు పళ్లేల్లో పంచుతున్నారు. ఆపై రేగు సారా. ఇంటికి తాళం వేసి ఉంది. శవం పట్నంలో ఉందని అందరికీ తెలుసు గనక తాళం గురించి ఎవరూ అడగలేదు. మధ్యలో నిలబడి మాట్లాడుతున్నవాడు ఎదురింటి గాంచో. అతనికీ తాతకీ పదకొండేళ్లుగా మాటల్లేవు. గాంచో కోళ్లు తాత తోటలోకి వెళ్లడంతో మొదలైన తగువు అది. ఇప్పుడు గాంచో చేతిలో సారా గ్లాసు ఉంది, కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పదకొండేళ్లు నోరు మూసుకు కూర్చున్నానర్రా. రోజూ గేటు దాకా రావడం, వాడే ముందు పలకరించాలిలే అని వెనక్కి పోవడం. కోళ్లదేముంది? కోళ్లు పోతే కోళ్లు వస్తాయి. అలాంటి మనిషి మళ్లీ వస్తాడా? బంగారం లాంటి..."

గాంచో మాట ఆపి, ఒక గుక్క తాగాడు. సరిగ్గా అప్పుడే నెవ్యానా కంటికి జనం వెనకాల స్టొయ్‌మెన్ తాత కనపడ్డాడు. భుజం మీద ద్రాక్ష కొమ్మల మోపు, చేతిలో కత్తెర. ఎవరో ఆయన ముఖం కూడా చూడకుండా ఒక గోధుమల పళ్లెం చేతిలో పెట్టారు. "దేవుడు క్షమించుగాక," అని పోయినవాళ్ల కోసం అనే మాట అని, మర్యాదగా అందుకున్నాడు ఆయన. "ఎవరికోసం?" అని పక్కావిడని అడిగాడు. "మన స్టొయ్‌మెన్ తాత కోసం," అంది ఆవిడ కళ్లొత్తుకుంటూ. తాత నమలడం ఆపి, కాసేపు ఆలోచించాడు. తరవాత నెవ్యానా నోరు తెరవబోతుంటే చూసి, మాట్లాడకు అన్నట్టు వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. గాంచో మాటలు పూర్తిగా వినాలని ఉన్నట్టుంది.

దిమోవా మేడం జనాన్ని తోసుకుని ముందుకెళ్లింది. గేటు మీది కాగితం మీద వేలితో టకటకా కొట్టింది.

"ఇది మీలో ఎవరు చదివారు?"

"అందరం చదివాం!" అన్నాడు మేయరు.

"చివరిదాకా?"

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కూంక పిన్ని గంజి గిన్నె వీపు వెనక్కి దాచుకుంది.

"ఇది రాసిందెవరు?"

కలీనా చెయ్యెత్తింది. పక్కనున్న ఆడవాళ్లు మళ్లీ హత్తుకోబోతే చప్పున తప్పించుకుని వచ్చి, గేటు ముందు నిలబడి, తరగతిలో చదివినట్టే బిగ్గరగా చదివింది.

"తీరని దుఃఖంతో తెలియజేస్తున్నాము. స్టొయ్‌మెన్ తాత, ఎనభై ఒక్క ఏళ్లు. గొప్ప భర్త, గొప్ప తండ్రి, గొప్ప పొరుగువాడు అని అందరికీ రాస్తారు. మా తాత గొప్ప పొరుగువాడు కాదు. గాంచో బాబాయి కోళ్లు వస్తే కోళ్లని తిడతాడు, తరవాత గాంచో బాబాయిని తిడతాడు. కానీ మంచు పడ్డ రోజు అందరికంటే ముందు లేచి గాంచో బాబాయి గుమ్మం ముందు మంచు తోసేస్తాడు. బాబాయికి నడుం నొప్పి కదా అంటాడు. ఎవరికీ చెప్పొద్దని నాకు వాల్‌నట్లు ఇస్తాడు. రాత్రి పళ్లు తీసి గ్లాసులో పెట్టి, వాటికి కూడా పడుకోమని చెబుతాడు. చచ్చిపోయిన బామ్మతో బావి దగ్గర మాట్లాడతాడు, ఆమె జవాబు చెప్పే టైము కూడా ఇస్తాడు. ఆయన బతికే ఉన్నాడు. ద్రాక్ష తోటలో ఉన్నాడు. ఎవరైనా ఆయనకి ఏమైనా చెప్పాలనుకుంటే చావు కాగితం దాకా ఆగకండి, ఇప్పుడే వచ్చి చెప్పండి. ఇట్లు, మునిమనవరాలు కలీనా, మూడో తరగతి."

మేయరు తన టోపీ లోపలి కుట్లు పరీక్షగా చూసుకుంటున్నాడు.

"మంచు తోసింది వాడా?" అన్నాడు గాంచో మెల్లిగా. "మరి నేను ఏటా మేయరు ఆఫీసుకి థాంక్స్ ఉత్తరాలు రాశానే!"

"చూశాను," అంది వెనకనించి ఒక గొంతు. "మేయరు అన్నీ పటం కట్టించి గోడకి తగిలించాడు. బాగానే రాశావు. ఇందాక బంగారం లాంటి దగ్గర ఆపేశావు గాంచో, మిగతాది కూడా కానియ్యి."

కూంక పిన్ని గిన్నె వదిలేసి కెవ్వుమంది. ముందువరస వెనక్కి, వెనకవరస ముందుకీ పరుగెత్తాయి. ఒక్క గాంచో మాత్రం ఉన్నచోటే నిలబడ్డాడు. కాసేపటికి గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్లి తాత భుజం మీది మోపు అందుకున్నాడు.

"ముసలాడివి, ఇంత బరువు మోస్తావేం? బుద్ధుందా నీకు?"

"నీకు నడుం నొప్పి కదరా, కింద పడెయ్యి," అన్నాడు తాత. తరవాత ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. కోళ్ల ప్రస్తావన ఆ రోజుకి ఇద్దరిలో ఎవరూ తేలేదు.

నెవ్యానాకి ఏడవడానికి కూడా తీరిక లేదు. దిమోవా మేడం చావు బల్ల దగ్గర ఒక కుర్చీ లాక్కుని, గోధుమల పళ్లెం పక్కకి జరిపి, రిపోర్టు పుస్తకం తెరిచింది. ఒక్కో పిల్లనీ పిలిచి, నువ్వు ఎవరి గురించి రాశావని అడిగింది. ఎనిమిదిమందీ గడగడా అప్పజెప్పారు. తన చావు కాగితం తనే విని మేయరు ఇంటికి వెళ్లిపోయాడు. మేడం మాత్రం రాస్తూనే ఉంది. బడి వేళలో పిల్లలు బయట, బతికున్న మనిషికి చావు కాగితాలు, ప్రభుత్వం వారి కాపీ మిషన్ మీద పది కాపీలు. నెవ్యానా తన నేరాలన్నీ మనసులోనే వరసగా చదువుకుంది. ఇక బతిమాలుకోవడం ఒక్కటే దారి అనిపించింది.

"మేడం, తప్పంతా నాది. పిల్లలవల్ల ఏ పొరపాటూ లేదు. బడి మాత్రం..."

మేడం పుస్తకం ఆమె వైపు తిప్పింది. చివరిదాకా చదవండి అంది.

నెవ్యానా చివరిదాకా చదివింది: "గోర్నా స్లివాలో చదవడం, రాయడం వచ్చినవారు టీచరు కాక తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ బడిలోనే ఉన్నారు. కనుక ఈ బడిని మూసే ప్రశ్నే లేదు. మిగతా ఊరిని కూడా హాజరుపట్టీలో చేర్చుకోవలెను. పెద్దలకు వారానికి రెండు సాయంత్రాలు క్లాసు, పాఠం: కాగితాన్ని కింది వరకు చదవడం. మేయరు హాజరు తప్పనిసరి."

నెవ్యానా పిచ్చి సంతోషంతో ఇన్‌స్పెక్టరు రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టేసింది. ఇన్‌స్పెక్టరు కళ్లజోడు సర్దుకుని, ఆ గోధుమలు ఇంకొంచెం ఉంటే పెట్టమని అడిగింది.

పెద్దల క్లాసు ఆ మరుసటి మంగళవారం సాయంత్రమే మొదలైంది. పదిహేడుమంది వచ్చారు. పదిహేడుమందీ ఆఖరి బెంచీలోనే కూర్చున్నారు.